వేల్స్ కొండ మీద మార్కాపురం పాదాలు

వేల్స్‌లో దిగేసరికి వాన. బ్యాగు భుజానికి ఎత్తుకునేలోపే బట్టలన్నీ తడిశాయి. దేశదేశాల సైన్యాలకు అక్కడ జరిగే గస్తీ పోటీకి మా పటాలం నుంచి ఎనిమిది మందిమి వెళ్లాం. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని, పటాలంలో అందరూ డాక్టర్ సాబ్ అనేవాళ్లు. మాది గిద్దలూరు. రేడియో ఆపరేటర్‌ది మార్కాపురం, వాళ్ల నాయన పలకల గనిలో పని చేస్తాడు. ఎక్కాల్సిన కొండ పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు.

ఎప్పుడో మంచుగడ్డలు ఆ కొండను గిన్నెలా తొలిచేశాయట. అడుగున నల్లటి చెరువు. శిఖరం మీది రాళ్లలో సముద్రపు ఆల్చిప్పల అచ్చులు ఉంటాయని అక్కడి సార్జెంట్ చెప్పాడు. మా దగ్గర లోతుకు తవ్వితే గానీ దొరకని పలక అక్కడ మేఘాల్లోకి నిలబడి ఉంది. ఆపరేటర్ సంబరం చూడాలి.

"ఇది మా పలకే అన్నా. దీని సంగతి నాకు తెలీదా?"

దారంతా ఇదే పాట. వినలేక చచ్చాను.

సగం ఎక్కాక బూట్లు జారడం మొదలైంది. వెనక్కి తిరిగి చూస్తే వాడు బూట్లు విప్పి మెడలో వేలాడేసుకున్నాడు.

"ఏందిరా ఇది?"

"మా నాయనోళ్లు గనిలోకి చెప్పులు విడిచే దిగుతారన్నా. పలక కదిలితే కాలికే తెలుస్తాది."

మార్కాపురంలో పలక ఎండకు కాలుతుంది. ఇక్కడ దాని మీద మంచునీళ్లు పారుతున్నాయి. చెబితే వింటేనా?

శిఖరం కింద రేడియో పలికింది. అందరూ బాగున్నారా అని కింద నుంచి పోటీ నడిపేవాళ్లు అడిగారు. ఒక్కడు ఆగిపోయినా జట్టంతా పోటీలోంచి పోయినట్టే.

"అందరం ఓకే. ఓవర్," అన్నాడు వాడు. లేవబోయి కూలబడ్డాడు.

"కాళ్లు యాడున్నాయో తెలుస్తా లేదన్నా."

నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే రాయి చాటున కూర్చోబెట్టి, చొక్కా పైకి లాగి, ఆ రెండు పాదాలూ నా కడుపుకు అదుముకున్నాను. భయమేసింది. వేళ్లు పోతే వాడి నౌకరీ పోతుంది.

"ఎంతసేపు, డాక్టర్ సాబ్?" అన్నాడు మా జట్టు కెప్టెన్.

"వీడు నడవకూడదు సార్."

"వద్దన్నా, అందరి కష్టం పోతాది," అని వాడు బతిమాలాడు. రేడియో లాక్కుని నేనే చెప్పాను. "ఒకరికి కాళ్లు పనిచేయడం లేదు. ఆగిపోయాం. ఓవర్."

చాలాసేపటికి వాడు ఏడుపు మొదలుపెట్టాడు. "నొప్పి పుడతాందన్నా."

ఇంకొకడి నొప్పికి అంత సంతోషపడటం నా జన్మలో అదొక్కసారే.

పింఛను తీసుకుని గిద్దలూరు వచ్చాక బస్టాండు దగ్గర ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "అంత దూరం పోయి ఏం గెలుచుకొచ్చినావు బావా?" ఏమీ లేదంటే నవ్వుతారు. విసుగొచ్చి చెప్పడం మానేశాను. స్నానం చేసేటప్పుడు చన్నీళ్లు కడుపు మీద పడితే మాత్రం ఆ పాదాలే కనిపిస్తాయి. పలక రంగులో, వేళ్లు ముడుచుకుని, నా బొడ్డుకు రెండు పక్కలా.