శుక్రవారాల కోసం మానేసిన మాత్రలు

ఆ రోజు పాసిర్ రిస్ లైబ్రరీలో ఒకే పేరాను ఐదుసార్లు చదివాను. ఒక్క ముక్కా తలకెక్కలేదు. ఇంతలో ఛాతీలోంచి ఆవిరి లేచినట్టు వేడి మెడకు, చెవులకు పాకింది. జాకెట్టు తడిసిపోయింది. ఎదుట కూర్చున్న పెద్దాయన మాత్రం ఏసీ చలికి కోటు జిప్పు పైకి లాక్కుంటున్నాడు. అప్పుడు నాకు నలభై తొమ్మిదేళ్లు.

ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. పెళ్లై సింగపూర్ వచ్చాక నేర్చుకున్నదంతా లైబ్రరీ పుస్తకాల్లోంచే. అందుకే ఒళ్లంతా వేడెక్కడం కన్నా, చదివింది బుర్రకెక్కకపోవడమే ఎక్కువ భయపెట్టింది. తర్వాత ఆరు నెలలు సరైన నిద్ర లేదు. నేను పనిచేసే చైల్డ్‌కేర్‌లో రోజూ చూసే పిల్లల పేర్లే మరిచిపోయేదాన్ని. నెలసరి ఎప్పుడో గానీ వచ్చేది కాదు.

మెనోపాజ్ మీద దొరికిన పుస్తకాలన్నీ తెచ్చుకుని, నోట్సు రాసుకుని హాస్పిటల్‌కి వెళ్లాను. డాక్టరమ్మ నా నోట్సు చూసి నవ్వింది. "హోమ్‌వర్క్ బాగా చేశారే!" అంది. ఆ మాటకు పొంగిపోయాను. మామోగ్రామ్, స్కాన్ చేయించి, తగ్గిన హార్మోన్లను మందుగా ఇచ్చే హెచ్‌ఆర్‌టీలో దారులేమిటో చెప్పింది. ఈస్ట్రోజెన్‌ను మాత్రగా మింగవచ్చు, ప్యాచ్‌గా అంటించుకోవచ్చు, జెల్‌గా రాసుకోవచ్చు. గర్భసంచి తీసేసినవాళ్లకు సాధారణంగా అదొక్కటే చాలు. ఉన్నవాళ్లకు ప్రొజెస్టిరాన్ కూడా తప్పనిసరి, లేకపోతే లోపలి పొర మందమైపోతుంది. నాకు రోజూ జెల్, నెలలో పన్నెండు రోజులు ప్రొజెస్టిరాన్ మాత్రలు రాసింది. "ఆ మాత్రలు అయిపోయాక పీరియడ్‌లా బ్లీడింగ్ వస్తుంది. కంగారుపడకండి" అంది.

నెల తిరిగేసరికి నిద్ర పట్టింది. రెండో నెలలో ఒక లావుపాటి పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను. నా తల నాకు తిరిగొచ్చింది. దానితోపాటు నెలసరీ తిరిగొచ్చింది.

మా బ్లాకులో తెలుగు ఆడవాళ్లం శుక్రవారం పారాయణం పెట్టుకుంటాం. పెద్దదిక్కు సుశీలక్క. "పద్మా, మనిద్దరం ఆ అడ్డు దాటేశాం. ఇక నైవేద్యం నీ చేతుల మీదే" అని నాకు ఎప్పుడో అప్పగించేసింది. బ్లీడింగ్ శుక్రవారం పడిన ప్రతిసారీ తలనొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయాను. మూడోసారి ఫోన్‌లో దెప్పింది. "ఏమే, శుక్రవారం అనేసరికి నీకు తలనొప్పి పుట్టుకొస్తుందా? పులిహోర కలపడానికి బద్ధకమని చెప్పరాదూ!"

మందు వేసుకుని మరీ నెలసరి తెచ్చుకున్నానని చెప్పడానికి సిగ్గేసింది.

పెళ్లికో వ్రతానికో మాత్ర వేసుకుని నెలసరిని వాయిదా వేయడం మా ఇళ్లలో చిన్నప్పటి నుంచీ చూసిందే. మాత్రలతో దాన్ని అటూ ఇటూ జరపడం తప్పుగా తోచలేదు. ప్రొజెస్టిరాన్ ఆపాకే బ్లీడింగ్ వస్తుందని పుస్తకంలో ఉంది. అసలు మొదలుపెట్టకపోతే రాదు కదా అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. పొర మందమవుతుందన్న వాక్యమూ నా నోట్సులో ఉంది, కింద గీత గీసి మరీ. శ్రావణం అయ్యేదాకానే అనుకుని మాత్రలు మానేశాను. శ్రావణం తర్వాత నవరాత్రులు వచ్చాయి, తర్వాత కార్తీకం. అలా ఏడాదిన్నర గడిచింది. జెల్ మాత్రం ఒక్క రోజూ మానలేదు.

పాలిటెక్నిక్ చదివే మా అమ్మాయి హాసిని ఒకరోజు సొరుగులో విప్పని డబ్బాలు చూసింది. "అమ్మా, వై సో మెనీ? నువ్వు తినట్లేదా? మస్ట్ టెల్ డాక్టర్, లా!" అంది సింగపూర్ యాసలో.

"ఆ పుస్తకాలు నువ్వు చదివావా, నేను చదివానా?" అన్నాను.

చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ డాక్టరమ్మ అడిగేది, మాత్రలు వేసుకుంటున్నారా అని. "యెస్ డాక్టర్" అనేదాన్ని.

తర్వాత ఒకరోజు చైల్డ్‌కేర్‌లో ఉండగానే బ్లీడింగ్ మొదలైంది. గడ్డలు గడ్డలుగా రెండు వారాలు ఆగలేదు. స్కాన్‌లో పొర బాగా మందంగా ఉందన్నారు. బయాప్సీలో ఎటిపికల్ హైపర్‌ప్లాసియా అని వచ్చింది, అంటే క్యాన్సర్‌గా మారగల కణాల పెరుగుదల. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, "ప్రొజెస్టిరాన్ నిజంగా వేసుకున్నారా?" అని అడిగింది. చెప్పేశాను. శుక్రవారాల సంగతి కూడా చెప్పాను. ఆమె కోప్పడలేదు. "బ్లీడింగే ఇబ్బందైతే చెప్పాల్సింది. గర్భసంచిలో హార్మోన్ కాయిల్ పెట్టేవాళ్లం. కొన్ని నెలలు పోతే బ్లీడింగ్ దాదాపు ఉండదు, పొరకూ రక్షణ ఉండేది" అంది. ఆ కాయిల్ పేజీ నేను తిరగేసిందే. అది పిల్లలు పుట్టకుండా పెట్టుకునేదని వదిలేశాను.

గర్భసంచి, అండాశయాలు తీసేశారు. తీసిన దాంట్లో చిన్న క్యాన్సర్ కనపడింది. పైపైనే ఉంది కాబట్టి కీమో అక్కర్లేదన్నారు. ఈస్ట్రోజెన్ ఆ క్యాన్సర్‌ను మళ్లీ పెంచవచ్చని జెల్ మాత్రం ఆపేశారు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టవచ్చని అడిగితే, "ఐ కాంట్ ప్రామిస్" అంది డాక్టరమ్మ.

ఇప్పుడు వేడి రోజుకు పది పన్నెండుసార్లు వస్తుంది. హార్మోన్ లేని మందులు రెండు మార్చారు. మొదటిదానికి కళ్లు తిరిగాయి, రెండోది కాస్త తగ్గించిందంతే. చైల్డ్‌కేర్ పని మానేశాను. తువాస్ షిప్‌యార్డులో పనిచేసే మా ఆయన రమణ, నేను పెట్టుకునే ఏసీ చలికి తట్టుకోలేక హాల్లో పడుకుంటున్నాడు. చదివింది నిలవదు. బాగుపడతాననే నమ్మకం నాకు పెద్దగా లేదు.

ఆపరేషన్ తర్వాత సుశీలక్క క్యారేజీ పట్టుకొచ్చింది. జరిగిందంతా విని, "ఒక్క మాట చెబితే ఆ పులిహోర నేనే కలిపేదాన్ని కదే, పిచ్చిదానా" అని నా పక్కనే కూర్చుని ఏడ్చింది.

గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ వాడుతూ ప్రొజెస్టిరాన్ మానకండి. మానేయాలనిపిస్తే, మానకముందే డాక్టరుకు చెప్పండి. కారణం పూజ అయినా, సిగ్గు అయినా, అదీ చెప్పండి. డాక్టరు దగ్గర దానికీ ఒక మందు ఉండవచ్చు.