రక్తం పల్చన చేసే మాత్ర

2021 వేసవి చివర. సూరత్ ఖటోదరాలో, పవర్‌లూమ్ కార్ఖానాల మధ్య ఉన్న ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. కరోనా రెండో విడత తగ్గిందని అందరూ అంటున్నారు. మా కౌంటర్ ముందున్న వరుస మాత్రం ఆ మాట ఇంకా వినలేదు.

యాదగిరి ఆ వరుసలోకి కుంటుతూ వచ్చాడు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడ మగ్గాలు నడుపుతున్న మనిషి. కరోనా తగ్గాక ఎడమ కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణానికే ముప్పు. అందుకని ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉంచి, వార్ఫరిన్ అనే మాత్ర రాసి పంపారు. దానితోపాటు వారానికోసారి పీటీ-ఐఎన్ఆర్ పరీక్ష. రక్తం గడ్డకట్టడానికి మామూలుకన్నా ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె అది. ఈ మాత్ర వాడని వాళ్లకు ఒకటి దగ్గర ఉంటుంది. ఇతనికి రెండుకూ మూడుకూ మధ్య ఉండాలన్నది డాక్టర్ గారి కోరిక.

మొదటి వారం 2.4 వచ్చింది. ఫ్రేము కట్టించుకోదగ్గ అంకె. రిపోర్టు అందుకుంటూ ప్లాస్టిక్ తెర అవతలి నుంచి అడిగాడు.

"సార్, ఈ గోలీ దేనికి? డాక్టర్ సాబ్ ఖూన్ పత్లా అంటడు. గదేంది?"

"అదే. రక్తం పల్చన చేసే మాత్ర," అన్నాను. అతని వెనక పదిమంది ఉన్నారు.

రెండో వారం 1.4. మూడో వారం 1.1. అంటే అసలు మాత్రే వాడని మనిషి రక్తం. డాక్టర్ గారు ఫోన్ చేసి మా మెషిన్‌ని అనుమానించారు. మెషిన్ ఎదురు చెప్పదు కనుక ముందు అందరూ దాన్నే అంటారు. అదే శాంపిల్ మళ్లీ నడిపాను. మళ్లీ 1.1.

"అయితే డోసు పెంచుతాను, మనిషిని పంపండి," అన్నారాయన.

పంపేముందు ఒక్క మాట అడుగుదామనిపించింది. ఆ రోజు యాదగిరి వెంట భార్య రాజవ్వ కూడా వచ్చింది.

"మాత్ర రోజూ వేసుకుంటున్నారా, యాదగిరి గారూ?"

"ఏసుకుంటున్న సార్." మాస్కు సర్దుకున్నాడు. "ఆదివారం."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు మగ్గం మీదుంట గద."

"మగ్గానికీ మాత్రకూ సంబంధం ఏమిటి?"

రాజవ్వ అందుకుంది. "ఏంది సార్ గట్లంటరు? పత్లా దారం జర గుంజితే తెగుతది. పన్నెండు గంటలు నిలబడేటోనికి రక్తం పల్చగైతే ఎట్ల? పల్చగైతదని మీరే అంటిరట గద. నేనే ఆపిచ్చిన. చిక్కగ గావాలని బీట్‌రూట్ పెడుతున్న."

బీట్‌రూట్ తప్పేమీ లేదు. పొద్దస్తమానం దారంతో బతికే ఇంట్లో నా మాటకు వేరే అర్థం వచ్చే అవకాశమూ లేదు. పైగా నేను చెప్పింది నిజం కూడా కాదు. ఆ మందు రక్తాన్ని పల్చన చేయదు, గడ్డకట్టడాన్ని నిదానింపజేస్తుంది. అలవాటుకొద్దీ అలా అనేస్తాం, చిన్న మాట కనుక.

"పల్చన కాదమ్మా. నేను తప్పు చెప్పాను. దారంలో ముడి పడితే ఏమవుతుంది?"

"మగ్గం ఆగుతది," అన్నాడు యాదగిరి.

"మీ కాల్లో పడింది ముడే. అది ఊపిరితిత్తుల దాకా పోతే ఆగేది మగ్గం కాదు. కొత్త ముడి పడకుండా ఈ మాత్ర చూస్తుంది. పని ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలి."

రాజవ్వ మొగుడి చేతిలోంచి రిపోర్టు అందుకుంది.

"ముడి అని మొదలే చెప్తే అయిపోతుండె గద సార్. రెండు వారాలు ఉత్తగనే బీట్‌రూట్ తినవెడితి."

"తిన్నది నేను," అన్నాడు యాదగిరి.

డాక్టర్ గారికి సంగతి చెప్పాను. డోసు పెంచలేదు. పెంచిన డోసును యాదగిరి బుద్ధిగా రోజూ వేసుకోవడం మొదలుపెట్టి ఉంటే, ఈసారి రక్తస్రావంతో వచ్చేవాడేమో. తర్వాతి వారం 1.9, ఆపై వారం 2.5.

అప్పటి నుంచి ఎవరికి ఏది చెప్పినా, వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకుంటున్నాను. వరుస నెమ్మదిగా కదులుతుంది, తిట్లూ పడతాయి. కానీ కాల్లో గడ్డతో, వారానికొక్క మాత్రతో, ఒక మనిషి రెండు వారాలు మగ్గం దగ్గర నిలబడ్డాడు. ఆ రెండు వారాలూ మా రిపోర్టుల్లో ఒక్క తప్పూ లేదు. తప్పంతా రిపోర్టు చేతికిస్తూ నేనన్న నాలుగు మాటల్లోనే ఉంది.