అరికాళ్ళతో విన్న కాపలావాడు

ఒక వీడియో గేములో కాపలావాడి అడుగుల చప్పుడు విని దాక్కోవాలి. లైల్ ప్రూయిట్‌కి పుట్టుకతోనే వినపడదు. అడుగులకొక గుర్తు తెరమీద చూపించమని కంపెనీకి రాస్తే, "అలా చేస్తే ఆట వాతావరణం చెడిపోతుంది" అని మర్యాదగా జవాబొచ్చింది. ఆయన తన దారి తను చూసుకున్నాడు. అమెరికాలోని రోచెస్టర్‌లో బేకరీ పని ముగించుకుని వచ్చి, గోళ్ళలో ఇరుక్కున్న పిండి కడుక్కుని, స్పీకరును చెక్కనేల మీద పడుకోబెట్టి, దానికి పాదాలు ఆనించి కూర్చుంటాడు. అరికాళ్ళు అదిరితే కాపలావాడు వస్తున్నట్టు లెక్క. నిన్న అలాగే అదిరాయి. మంత్రగాడి కోటలో తన దొంగను స్తంభం వెనక నక్కించి, తనూ ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపటికీ అదురు ఆగదు, కాపలావాడు రాడు. ఆయనలాగే వినపడని భార్య వెర్నా, గదిలో దీపం ఆర్పి వెలిగించి ఆయన్ను తనవైపు తిప్పుకుంది. ఆమె వేళ్ళు నవ్వుతూ మాట్లాడాయి: "ఏమయ్యా గజదొంగా, ఎవరికి జడిసి దాక్కున్నావు? అది కింద తిరుగుతున్న మన వాషింగ్ మెషిన్!"

"కాపలావాడి కన్నా అదే నయం. తిరుగుతున్నట్టు తెలుస్తుంది, వాడి అడుగులు సగంసార్లు తెలియనే తెలియవు" అన్నాయి ఆయన చేతులు.

"ఇంతకీ ఆట ఎలా ఉంది?"

"వాతావరణానికి నూటికి నూరు. చచ్చినప్పుడల్లా వెల్లకిలా పడి కోట మీది ఆ వెన్నెలే చూస్తున్నాగా! ఆటకంటావా, ఆడనిస్తే చెప్తాను."

వినగలిగిన పాఠకులారా, ఆ వెన్నెలను మీరూ మెచ్చుకుంటూ కంపెనీకి రాయండి. కింద ఒక్క వాక్యం చేర్చండి: అడుగులకొక గుర్తు పెట్టండి, అక్కర్లేనివాళ్ళు దాన్ని ఆపేసుకుంటారు. లైల్ ఒక్కడడిగితే చెడిన వాతావరణం, మనందరం అడిగితే చెడకపోవచ్చు.