కెబోనాంగ్ సంతకం పెట్టని తెర

మౌన్ విమానాశ్రయంలో కెబోనాంగ్ సెతిబే ఎవర్నీ నమ్మడు. ట్యాంకు నిండిందని ఇంధనం పోసేవాడు చెప్పినా సరే, తానే రెక్క మీదికెక్కి పుల్ల ముంచి చూసుకుంటాడు. ఇరవై రెండేళ్లుగా ఆరు సీట్ల విమానం నడుపుతూ చిత్తడి నేలల మీద తిరుగుతూ ఇంకా బతికున్నాడంటే ఆ అనుమానం చలవే.

అలాంటివాడి విమానంలో ఈ చలికాలం కంపెనీ మ్యాపు తెర బిగించింది. నేల బొమ్మ మీద విమానం గుర్తు కదులుతూ, ఎక్కడున్నావో చెబుతుంది. అడవి లోపలి క్యాంపుల మట్టి రన్‌వేలు మాత్రం కొనుక్కొచ్చిన మ్యాపుల్లో ఉండవు. అందుకని మేనేజరు కెబోనాంగ్ నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. అందులో పద్దెనిమిది రన్‌వేల అక్షాంశాలూ రేఖాంశాలూ ఉన్నాయి. విమానాల వైరింగు చూసే లొరాటో వాటిని తెరలోకి ఎక్కించింది. ఇక తెర సరిగ్గా ఉందని కెబోనాంగ్ సంతకం పెట్టాలి. పెడితే సోమవారం నుంచి కొత్త పైలట్లు దాన్ని చూసుకునే ఎగురుతారు. పెట్టకపోతే సీటు ఊడుతుంది.

తన బుర్ర పిండుకుని బయటికి గెంటే ఎత్తు ఇదంతా అనుకున్నాడాయన.

శుక్రవారం సెబెగో క్యాంపు మీదికి వెళ్లగానే ఆ అనుమానం గట్టిపడింది. కళ్ల ముందు మట్టిగీత కనబడుతోంది. తెర మీద మాత్రం రన్‌వే ఇంకాస్త ఉత్తరాన, నీటి ఏనుగులు మునిగే పాయలో ఉంది. తిరిగొచ్చి తిన్నగా లొరాటో దగ్గరికి పోయాడు. అంకెలు ఎవరు మార్చమన్నారని నిలదీశాడు. ఆమె నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టింది.

"చదువు మామా. ఒక్క అంకె తేడా ఉంటే చెవి కోసిస్తా."

ఒక్కటీ తేడా లేదు.

"ఇవి ఎక్కణ్ణుంచి రాసుకున్నావు?" అడిగింది లొరాటో.

"సర్వే వాళ్ల కాగితం మ్యాపులోంచి. నువ్వు పుట్టకముందుది పిల్లా."

"అదీ సంగతి. వాళ్లు భూమిని ఒక లెక్కన కొలిచారు, తెరకి చోటు చెప్పే ఉపగ్రహం ఇంకో లెక్కన కొలుస్తుంది. అవే అంకెలు, చోటు మాత్రం నూరు మీటర్ల పైనే జరిగిపోతుంది. ఇన్నేళ్లు నీకు తెలీలేదా?"

ఎలా తెలుస్తుంది? ఆ అంకెలు చూసి ఆయన ఏనాడూ దిగలేదు. చెదలపుట్ట, మోడు, నీటి మెలిక చూసి దిగేవాడు. లోకాన్నంతా శంకించిన మనిషి తన చేతిరాతను ఒక్కసారీ శంకించలేదు.

కంప్యూటరు అన్నింటినీ ఒక్క దెబ్బతో సరిచేస్తుందని లొరాటో అంది. ఆయనకు ఆ మాటా నచ్చలేదు. గడ్డి తగలబెట్టే రోజులొస్తున్నాయి, ఆ పొగలో కొత్త పిల్లలకు తెర తప్ప దిక్కుండదు.

శనివారం ఆమెను ఎక్కించుకుని సెబెగో వెళ్లాడు. రన్‌వే రెండు కొసల్లోనూ నిలబడి ఉపగ్రహ పరికరంతో కొలిపించాడు. సరిచేసిన అంకెలు కుదిరాయి. మేనేజరు ఇచ్చిన కాగితం మీద సెబెగో పేరొక్కటి ఉంచి, మిగతా పదిహేడూ కొట్టేసి సంతకం పెట్టాడు.

"ఇలాగైతే సోమవారం నీ సీటు ఉండదు," అన్నాడు మేనేజరు.

"ఉండకపోతే మానె. నడిచి చూడని చోటికి నా సంతకం రాదు."

అన్నట్టే సోమవారం ఆయన సీట్లో కొత్త పైలట్ కూర్చున్నాడు. సంతకం లేదు గనక సెబెగోకి తప్ప ఎక్కడికీ అతను తెర నమ్ముకుని వెళ్లే వీల్లేదు. మిగతావీ ఒక్కొక్కటే కొలిపించి చూడాలని కెబోనాంగ్ లొరాటోతో జీపెక్కి రెండో రన్‌వేకి బయల్దేరాడు. అక్కడ పరికరం చూసి లొరాటో అంకెలు రాసుకుంటుంటే, ప్రతి అంకెనూ ఆమె భుజం మీదుగా తొంగి చూస్తూనే ఉన్నాడు.