అమ్మ ఎక్కిన మద్రాసు విమానం

మొన్న మద్రాసు వెళ్ళవలసి వచ్చి, మా మనవరాలు విమానం టికెట్టు తీస్తూ, గంటాపావులో దిగుతాం తాతా, నువ్వు కునుకు తీసేలోపే ఊరొచ్చేస్తుంది అంది. నాకు మా అమ్మ ఎక్కిన విమానం గుర్తొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో నేను అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాను. నాన్న అప్పటికే లేరు. నాంపల్లి స్టేషను వెనక సందులో, కిరాయి ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. అక్కను మద్రాసు ఇచ్చాం. బావకు అక్కడ అచ్చాఫీసులో పని. ఏడాదికొకసారి అక్క, ఓ పగలూ ఓ రాత్రీ రైల్లో కూర్చుని, బొగ్గుమసి అంటిన మొహంతో నవ్వుతూ వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా అమ్మ ఒళ్ళో వాలిపోయేది.

ఒక ఉదయం దుకాణం తీసే వేళకు తంతి వచ్చింది. అక్కకు టైఫాయిడ్, వెంటనే బయల్దేరమని. మద్రాసు బండి సాయంత్రం దాకా లేదు. బేగంపేట నుంచి మద్రాసుకు విమానాలు కొత్తగా తిరుగుతున్న రోజులవి. మా సేటు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, ఎవరినో బతిమాలి, మధ్యాహ్నం విమానంలో ఒక్క సీటు ఇప్పించాడు. ఆకాశదారిన మూడువందల మైళ్ళ పైచిలుకట, రెండు గంటల పైన పడుతుందట అని ఇంటికొచ్చి చెబితే, టాంగా ఎక్కితేనే కళ్ళు తిరిగే మా అమ్మ వెంటనే లేచింది. చీర మార్చుకుని వచ్చి, "జర జల్ది నడువు కొడకా" అంది, అంతే. విమానం మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

పొద్దుగూకేలోపు అమ్మ అక్క మంచం దగ్గరుంది. మర్నాడు తెల్లవారుతుండగా అక్క పోయింది. రైలెక్కి ఉంటే అమ్మ అప్పటికింకా బెజవాడ దగ్గరే ఉండేది.

దినాలయ్యాక అమ్మ రైల్లోనే తిరిగి వచ్చింది. ఇంక తొందరేముందని బావతో అన్నదట. విమానముండబట్టి కడసారి చూపు దక్కింది, అదైనా అదృష్టమేనని ఇరుగుపొరుగు ఓదారిస్తే తలూపింది. అందరూ వెళ్ళాక గడప మీద కూర్చుని నాతో చెప్పింది.

"మామూలు జరమే, తగ్గుతదని అందరు దానికి చెప్పిన్రు బిడ్డా. అది నమ్మింది. నన్ను జూడంగనే, అమ్మా, గింత జల్ది ఎట్లొచ్చినవ్, ఇమానమెక్కినవా అన్నది. ఔనన్న. నా మొఖం దిక్కు చూసి, గట్లయితే నేను బతకనన్నట్టే అన్నది. నా చెయ్యి వట్టుకున్నది, ఇడ్వలే."

రైల్లో వెళ్ళి ఉంటే అక్క ఆశతోనే కన్నుమూసేది, అమ్మకు మాత్రం ఆ చూపు దక్కేది కాదు. ఏది మేలో అమ్మ బతికినన్నాళ్ళూ తేల్చుకోలేకపోయింది. రొట్టె చేస్తూ చేస్తూ ఆగి, బండిలనే పోవాల్సుండె అనేది. మర్నాడే, కాదులే, చెయ్యన్న వట్టుకున్న అనేది.

ఇప్పుడు పిల్లలు పెళ్ళికీ పేరంటానికీ, ఏమీ తోచకపోయినా కూడా విమానమెక్కి వచ్చేస్తున్నారు. చెప్పాపెట్టకుండా గుమ్మంలో నిలబడితే ఇంట్లోవాళ్ళు సంబరంగా ఎదురు వెళతారే గానీ, ఎందుకొచ్చారోనని ఎవరి గుండే ఝల్లుమనదు. మా అక్క ఈ కాలంలో పుట్టి ఉంటే, ఆ సాయంత్రం అమ్మను చూసి నవ్వి ఉండేది.