జతగా విడిచిన చెప్పులు

గడప ముందు మా ఆయన చెప్పులు రెండూ పక్కపక్కనే, వీధి వైపు తిప్పి, తిన్నగా పెట్టి ఉన్నాయి. చేతిలో నీళ్ల బకెట్‌తో నేను అక్కడే ఆగిపోయాను. నాకు భయం మొదలైంది ఆ క్షణంలోనే.

వినేవాళ్లకు నవ్వు రావచ్చు. కానీ ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన చెప్పులు జతగా విడవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఒకటి గడప దగ్గరుంటే రెండోది మెట్ల కింద బోర్లా పడి ఉంటుంది.

లోపలి నుంచి అట్టపెట్టె టేపు చీలుస్తున్న చప్పుడు వస్తోంది. పిల్లలిద్దరూ లోపలే ఉన్నారు.

నేను డిగ్రీ చదివాను. మా అమ్మవాళ్లింట్లో సాయంత్రం ప్రార్థన ఉండేది గానీ, గాలి సోకింది, దిష్టి తగిలింది అనే మాటలు ఉండేవి కావు. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే నేను లేచి గిన్నెలు కడుక్కోవడానికి పోయే రకం. ఇప్పుడు రాస్తున్నది కూడా కథ అని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టుకుందామని, పిల్లలు పడుకున్నాక కూర్చున్నాను.

మా ఆయన పశువుల దవాఖానాలో పని చేస్తారు. పోయిన ఏడాది చర్ల వైపు బదిలీ అయింది. ఖమ్మంలో మేమున్న ఇల్లు ఖాళీ చేశాం. ఆ మర్నాడే అందులోకి వేరేవాళ్లు దిగుతున్నారు. అంటే వెనక్కి పోవడానికి మాకు ఇల్లంటూ లేదు. చర్లకు నాలుగు కిలోమీటర్లు ఇవతల, రోడ్డు పక్కన ఈ ఇల్లు కిరాయికి దొరికింది. ముందు హాలు, వెనక ఒక గది, దాని పక్కన వంటిల్లు.

సామాను సర్దడంలో మా ఇద్దరికీ పొత్తు కుదరదు. నేను వారం ముందు నుంచీ పెట్టెల మీద పేర్లు రాస్తూ కూర్చుంటే, ఆయన ఆఖరి రోజు రాత్రి చేతికందింది అందినట్టు కూరారు. "గిన్నెలు" అని రాసిన పెట్టెలో స్వెటర్లు, ఇస్త్రీపెట్టె. "పుస్తకాలు" అన్నదాంట్లో చింతపండు డబ్బా. అడిగితే, "ఏడికి పోతయ్? అన్నీ ఒక్క డీసీఎంలనే వస్తున్నయ్ కదా" అన్నారు.

పొద్దున పదకొండుకు చేరాం. హమాలీలు అన్నీ హాలు మధ్యలో కుప్పపోసి, బీరువాను అద్దం ఉన్న వైపు గోడకు తిప్పి పెట్టి పోయారు. అప్పుడు తెలిసింది, గ్యాస్ రెగ్యులేటర్ ఖమ్మం ఇంట్లోనే ఉండిపోయిందని. మూడుసార్లు చెప్పాను దాని గురించి. నాకు కోప్పడే ఓపిక కూడా లేదు. పన్నెండున్నరకు ఆయన బూట్లు వేసుకుని బండి తీశారు. చర్లలో దొరికితే అరగంటలో వస్తానని, లేకపోతే భద్రాచలం దాకా పోవాలని చెప్పి వెళ్లారు.

పిల్లలకు బన్నులు, అరటిపండ్లు పెట్టాను. వాళ్లు హాల్లో పెట్టెల మధ్య ఆడుకుంటుంటే, నేను వెనక గదిలో చాప మీద ఒరిగాను. రెండు రాత్రులుగా నిద్ర లేదు.

ఎంతసేపయ్యిందో, హాల్లో పెట్టెలు జరుపుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. "వచ్చినవా?" అన్నాను. "ఊఁ" అని వినిపించింది. ఆయన గొంతే. తలుపు సందులోంచి, కింద కూర్చుని పెట్టె విప్పుతున్న వీపు కనిపించింది. చొక్కా రంగు ఏమిటో తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు. పాప నవ్వుతోంది. గిన్నె మీద గిన్నె మెల్లగా, చప్పుడు కాకుండా పెడుతున్నట్టు వినిపించింది. నిద్రలోనే బీరువా ఈడ్చిన శబ్దం కూడా విన్నాను.

ఒక మాట దాచకుండా రాయాలి. ఆ గంట నేను హాయిగా పడుకున్నాను. పెళ్లయినప్పటి నుంచి అంత నిశ్చింతగా ఎప్పుడూ పడుకోలేదు. ఇన్నాళ్లకు ఈ మనిషికి బుద్ధి వచ్చిందనుకున్నాను. లేచి ఒక్కసారి మొహం చూసి రావాలన్న ఆలోచన కూడా రాలేదు.

మూడున్నర దాటాక లేచి, వంటింటి తలుపులోంచి బయటికి వచ్చి, రోడ్డు పక్క బోరింగు దగ్గరికి నీళ్లకు పోయాను. ఎదురింటి ఆమె అక్కడ బట్టలు ఉతుకుతోంది. అదే మొదటిసారి మాట్లాడటం.

"మీ సారు మంచోడమ్మా. నీ కిటికీల నుంచి చూస్తనే ఉన్న, ఒక్కతీరుగ సర్దుతుండు. మా ఆయన తిన్న పళ్లెం గూడ తియ్యడు" అంది.

"మా ఆయన గూడ తియ్యడక్కా. ఇయ్యాల ఏమైందో ఏమో" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

బకెట్ ఎత్తుకుని ఈసారి ముందు వైపు నుంచి వచ్చాను. అప్పుడు చూశాను చెప్పులు. తల తిప్పి చూస్తే బండి లేదు.

ఇంట్లో సిగ్నల్ రాదు, ఆ మెట్ల దగ్గరే కొంచెం వస్తుంది. ఫోన్ మోగింది. ఆయనే.

"దొరికింది. ఇంకా భద్రాచలం బస్టాండు కాడనే ఉన్న. రోడ్డు మంచిగ లేదు, గంటన్నర పడతది. పిల్లలు తిన్నరా?"

వెనకాల బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. లోపల టేపు చప్పుడు ఆగిపోయింది.

బకెట్ ఎక్కడ వదిలేశానో తెలియదు. తలుపు తోసుకుని లోపలికి ఉరికాను. పిల్లలిద్దరూ గోడవార కూర్చుని బన్ను తింటున్నారు. మూడో మనిషి లేడు. వెనక గది, వంటిల్లు, పెరడు అన్నీ చూశాను. పాపను చంకనేసుకుని, బాబు చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. ఎదురింటామె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఈ తొవ్వల ఎవ్వరు బయటికి రాలేదమ్మా" అని ఒకటే మాట. తర్వాత నాతోపాటు లోపలికి వచ్చి మళ్లీ అంతా వెతికింది.

హాలు చాలావరకు సర్ది ఉంది. పదిహేడు పెట్టెల్లో పదకొండు విప్పి, ఖాళీ అట్టలు మడిచి, ఒక మూలకు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పెట్టెల మీద పేర్లన్నీ తప్పే అయినా, వస్తువులు మాత్రం ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. మందులు పిల్లలకు అందనంత ఎత్తులో, నాకు కూడా స్టూల్ వేసుకుంటే గానీ అందని అరలో పెట్టి ఉన్నాయి. బీరువా పక్క గోడకు చేరి, అద్దం ఇవతలికి తిరిగి ఉంది. దాన్ని పొద్దున ముగ్గురు మనుషులు మోశారు. ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. ఇప్పటికీ ఉంది.

అయిదున్నరకు ఆయన వచ్చారు. హాలు చూసి గుమ్మంలోనే ఆగి, "మొత్తం నువ్వొక్కదానివే చేసినవా? నేను వచ్చిందాక ఆగొద్దా?" అని నొచ్చుకున్నారు. చెబితే ముందు నవ్వారు. చెప్పులు పిల్లలే సామాను మూటలోంచి తీసి పెట్టి ఉంటారన్నారు. అది కావచ్చు. తర్వాత బీరువాను ఒక పక్క ఎత్తి చూశారు. ఇక నవ్వలేదు. ఆ రాత్రి తలుపుకు అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నారు.

ఇంటి ఓనరు వైరాలో ఉంటారు. తర్వాత ఒకరోజు ఫోన్ చేసి, డొంకతిరుగుడుగా అడిగాను. కట్టి ఆరేళ్లయిందట. ఇక్కడ ఎవరూ చనిపోలేదట. ఓనరు అబద్ధం చెబుతున్నట్టు నాకు అనిపించలేదు. అలసటలో కల కన్నానని అనుకుందామంటే ఎదురింటామె కూడా చూసింది. దొంగ అనుకుందామంటే ఏమీ పోలేదు. ఇంతకాలమైనా ఇది ఏమిటో నాకు తెలియదు. మళ్లీ అలాంటిది జరగలేదు కూడా.

మర్నాడు పొద్దున పిల్లలకు ఉప్మా పెడుతున్నాను. ఆయన టీ తాగుతున్నారు. ముందు రోజు గురించి వాళ్లముందు ఎత్తవద్దని రాత్రే అనుకున్నాం. బాబే అడిగాడు.

"డాడీ, నిన్న మా పేర్లెందుకు అడిగినవ్?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. నేనే అడిగాను, "చెప్పినవా నాన్నా?" అని.

"నేను చెప్పలే. ఆట అనుకున్న. నువ్వే చెప్పుకో అన్న. చెల్లె చెప్పింది."

పాప నోట్లో ఉప్మా పెట్టుకుని తల ఊపింది. తను మంచి పనే చేసిందనుకుంటోంది.

ఇద్దరినీ దగ్గరికి తీసుకుని కూర్చోబెట్టాను. మెల్లగా చెప్పాను.

"ఈ ఇంట్ల ఎవరన్న పేరు అడిగితే చెప్పొద్దు. డాడీ అడిగినా చెప్పొద్దు. నేను అడిగినా చెప్పొద్దు. మీకు పేర్లు పెట్టిందే మేము. మేమెందుకు అడుగుతం?"