పసుపు బొట్టు లెక్కల ఆట

"ఏమే, ఆ యమ్మను మనం ఊరికే పంపేస్తిమేమో?" అని అడిగాడు మా ఆయన.

"ఇప్పుడెందుకు మామా అదంతా? కాపీ ఆరిపోతా ఉండాది, తాగు" అన్నాను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. కాఫీ తాగి స్నానానికి వెళ్ళిన మనిషి తడి తువ్వాలుతోనే గుమ్మం దగ్గర కూలబడి మళ్ళీ లేవలేదు. నిజం చెప్పడానికి చేతికందిన సమయాన్ని కాఫీ పేరు చెప్పి పోగొట్టుకున్నాను.

నాకు సంతకం తప్ప చదువు రాదు. నేను చెబుతుంటే నా తమ్ముడి కూతురు రాస్తోంది. చిన్నప్పుడు మా ఆటలు ఆడినవాళ్ళు, ఆ కంపెనీ ఎట్లా మూతపడిందని కంప్యూటర్లో అడుగుతున్నారట. కూలికి వచ్చిన ఆడమనిషి తప్పు వల్ల మునిగిందని ఎవరో జవాబు కూడా రాశారట. మా ఆయన అంగళ్ళవాళ్ళకు చెప్పుకున్న మాటే అది. విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. అందుకే ఆ జవాబు కిందనే ఇది రాయిస్తున్నాను.

తిరుత్తణిలో మా ఇంటి ముందు గదే కంపెనీ. పెద్ద కంపెనీల కంప్యూటర్ ఆటలు కొనలేని ఇళ్ళ కోసం, మా ఆయన చెన్నైలో ఎవరెవరో చేసిన చిన్న ఆటలు తీసుకుని, సీడీలు వేయించి, కాగితం కవర్లలో అమ్మేవాడు. ఆడికృత్తిక పండగకు గుడి కొండకు వచ్చినవాళ్ళు బొమ్మలతో పాటు అవీ కొనుక్కుని పోయేవాళ్ళు. ఖర్చు తగ్గాలని సీడీ మీద అచ్చు వేయించేవాడు కాదు. అన్నీ ఒకే మాదిరి మెరుస్తుండేవి. సీడీలు ఉంచే డబ్బా మూత మీద పేరు రాస్తే నేను చదవలేను కదా, అందుకని బొట్లు పెట్టుకున్నాం. పిల్లలకు లెక్కలు నేర్పే ఆటకు పసుపు, తుపాకీ ఆటకు కుంకుమ. చివరికి ఆ రెండే అమ్ముడుపోయేవి.

ఆ ఏడు తిరువళ్ళూరులో ఒక బడి లెక్కల ఆటలు కావాలంది. అంత పెద్ద బేరం మాకు ఎప్పుడూ రాలేదు. ఆయుధపూజ నాడు ఆయన సంతోషం పట్టలేక కంప్యూటరుకు, కత్తెరకు, చివరికి సీడీ డబ్బాల మూతలన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టేశాడు. మరునాడు విజయదశమి. మంచి గడియలో పని మొదలుపెట్టమని చెప్పి పొద్దున్నే తిరువళ్ళూరు వెళ్ళిపోయాడు.

చూస్తే అన్ని మూతల మీదా రెండు బొట్లూ ఉన్నాయి. నాతో పాటు కవర్లు నింపే ఆమె, ఇద్దరు పిల్లల తల్లి, అడిగింది: "అక్కా, యాది ఏదో తెలీలేదే. ఒకటి కంప్యూటర్లో ఏసి చూద్దామా?"

"ఇన్నేండ్లుగా నింపతా ఉండా, నాకు తెలీదా? గోడ పక్కనుండేది లెక్కలది. నువ్వు నింపు" అన్నాను.

ఆమె ముందర తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

వారానికి కవర్లన్నీ వెనక్కి వచ్చాయి. కూడికలు నేర్చుకోవాలని తెరిచిన పిల్లలకు తుపాకులు కనిపించాయట. ఆయన గుమ్మంలో నిలబడి అరిచాడు: "ఎవురు నింపినారు ఇవి?"

"అదే నింపింది" అన్నాను. అబద్ధం కాదు. చేతులు ఆమెవే.

ఆమె నావైపు చూసింది. ఇంక పనికి రావొద్దని ఆయన అనగానే, టిఫిను గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడాది తిరగకుండానే కంపెనీ మూసేశాం. ఫోన్లలో ఆటలు ఊరికే దొరికే కాలం వచ్చేసింది, అదీ నిజమే. కానీ బడి బేరం పోయాక ఆయనకు మళ్ళీ చెయ్యాలన్న ఆశ రాలేదు. ఆమె తిరువాలంగాడులో ఉందని విన్నాను. రైలెక్కితే ఎంతో దూరం లేదు. వెళ్ళలేదు.

ఇక్కడికి వచ్చేసరికి నా తమ్ముడి కూతురు చెయ్యి ఆపింది. "అత్తా, పొరపాటు జరిగిపోయిందని రాస్తే చాలదా? ఇంతమంది చూస్తారే."

"చూడాలనే కదా చెప్తా ఉండేది. ఆమె పిల్లోళ్ళూ చూస్తారు. చెప్పింది నేను, నింపింది ఆమె, తప్పు నాది అని రాయి."

రాసింది. అలసిపోయాను.

"రాసినావా? నాకేమో చదవడం రాదు, నువ్వు మెత్తగా మార్చేసినా తెలీదు. గోడ పక్కనుండేది అన్న కాడ్నుంచి చదువు మే, ఇంటాను."